ఏడో ఇంట్లో కొత్త గ్రహం

ఆకాశంలో ఒకే చోటుని మళ్లీ మళ్లీ ఫొటో తీసి, ఏ చుక్క కదిలిందా అని వెతకడం నా ఉద్యోగం. నెప్ట్యూన్‌కి అవతల తిరిగే చిన్న గ్రహాలు అలాగే దొరుకుతాయి. కళ్లు కాయలు కాచేలా ఏళ్ల తరబడి చూస్తే నాకు కొన్ని దొరికాయి. వాటిలో కాస్త పెద్దది మొన్నీమధ్య పేపర్లో పడేసరికి మా నాన్న జానకిరామయ్య గారు ఆగలేకపోయారు. ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరైన మనిషి, బొట్టు పెట్టి పిలవడం ఒక్కటే తక్కువగా ఊరందరినీ పిలిచి, విజయవాడ వన్ టౌన్‌లో నాకు సన్మానం చేయించారు.

సభ పెట్టింది నాన్న స్నేహితుడు, పప్పుల హోల్‌సేల్ వ్యాపారి రామకోటేశ్వరరావు గారు. వేదిక మీద నా పక్కన ఓ సిద్ధాంతి గారిని కూర్చోబెట్టారు. శాలువా కప్పుతూ ఆయన, "ఇప్పుడది ఏ రాశిలో ఉందమ్మా?" అన్నారు. ఉక్క, మెడలో దండ, మైకు గోల. "మీనంలో అండీ" అనేశాను. మాకది చుక్కల గుంపు పేరు, ఎటు చూడాలో చెప్పే గుర్తు. ఆయనకి జాతకం. అంత చదువుకుని ఆ మాత్రం తట్టలేదు నాకు.

వారం తిరక్కుండా కబురొచ్చింది. రామకోటేశ్వరరావు గారి అమ్మాయి సింధూరికి పామర్రు సంబంధం కుదిరింది, తాంబూలాలే తరువాయి. సింధూరిది కన్యా లగ్నం. దానికి మీనం ఏడో ఇల్లు, అంటే భర్త స్థానం. అందులో ఊరూ పేరూ లేని గ్రహం వచ్చి కూర్చుందని సిద్ధాంతి గారు చెప్పారట, పెళ్లికొడుకు తల్లి కనకలక్ష్మి గారు వెనకాడుతున్నారట. సింధూరి ఫోన్ చేసి ఒక్క మాటే అంది. "అక్కా, నాకా అబ్బాయి నచ్చాడు." సిగ్గేసి, నేనే వెళ్లి వాళ్లతో మాట్లాడతానన్నాను.

నాన్నా నేనూ రామకోటేశ్వరరావు గారితో కలిసి పామర్రు వెళ్లాం. కనకలక్ష్మి గారు కాఫీలిచ్చి, ఎంతో మర్యాదగా అడిగారు.

"ఆ రాశిలో ఎన్నాళ్లుంటుందమ్మా అది?"

"సూర్యుడి చుట్టూ ఒకసారి తిరగడానికి మూడొందల ఏళ్లండీ. అంటే రాశికి పాతికేళ్లు..." అంటూనే నాలుక కరుచుకున్నాను.

"శని మహానుభావుడే రెండున్నరేళ్లకి కదులుతాడు గదమ్మా," అన్నారావిడ నీరసంగా.

కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. నాన్న గొంతు సవరించుకుని, గ్రహాలు మనుషుల్ని ఏమీ చెయ్యవంటూ పాఠం మొదలుపెట్టారు. ఆవిడ వినడం లేదు. సైన్సు చెబితే ఆవిడ భయం పోదు. ఆ గ్రహం చిన్నదైపోతే పోతుంది. దాన్ని చిన్నది చెయ్యగలిగేది నేనొక్కదాన్నే.

"అసలది గ్రహమే కాదండీ," అన్నాను. "మట్టీ ఐసూ కలిసిన గడ్డ. అలాంటివి అక్కడ వేలున్నాయి. సిద్ధాంతి గారు లెక్కలోకి తీసుకోవాల్సిన పనే లేదు. కనిపెట్టడం కూడా పెద్ద గొప్పేం కాదు."

అన్నీ నిజాలే, చివరిది తప్ప.

ఆవిడ మొహం తేటపడింది. లోపలికి కేకేసి స్వీట్లు తెప్పించారు. తర్వాత, అమాయకంగానే, "మరి ఆ శాలువాలూ, ఫ్లెక్సీలూ ఎందుకమ్మా?" అన్నారు.

రామకోటేశ్వరరావు గారు ఊపిరి బిగబట్టి నన్నే చూస్తున్నారు. నేను నాన్న వైపు చూడకుండా, "మా నాన్నగారి సరదా అండీ," అన్నాను.

అన్నాక నా మీద నాకే అసహ్యం వేసింది. వెనక్కి తీసుకుంటే సింధూరి పెళ్లి మళ్లీ ఆగుతుంది.

నాన్న నవ్వారు. జీవితమంతా పిల్లలకి నెప్ట్యూన్ గురించి చెప్పిన మనిషి. "అవునమ్మా, పిచ్చి సరదా," అన్నారావిడతో. "ఉన్నది ఒక్కతే కూతురు. ఏదో ఒకటి గొప్పగా చెప్పుకోవాలి గదా."

పళ్లెంలోంచి ఓ స్వీటు తీసుకుని తిన్నారు. నేను తలెత్తలేకపోయాను.