ఒకరోజు వెనక

లిఫ్టాయన మూడో అంతస్తులో ఇద్దరిని దింపి, తలుపు లాగి, మళ్ళీ కిందికి నొక్కాడు. పెళ్ళికి ముందు నుంచీ ఆ పెట్టెలోనే ఉద్యోగం. ఎన్నిసార్లు పైకెళ్ళినా సాయంత్రానికి కిందే తేలేవాడు. స్టూలు మీద కూర్చుని కూర్చుని అతని వీపు చదునైపోయిందనీ, గోడకి ఆనుకుంటే మధ్యలో కాగితం కూడా దూరదనీ ఆఫీసులో చెప్పుకునేవారు.

మధ్యాహ్నం లిఫ్టు ఆపి క్యారియర్ విప్పాడు. ఊడ్చే ఆమె చీపురు పక్కన పెట్టి తొంగిచూసింది.

"నిన్నటిదేనా అన్నా?"

"నిన్నటి గుమ్మడికాయే. ఇవాళ వండేది రేపు."

ఆ ఇంటి సంగతే అంత. కాపురం పెట్టిన కొత్తలో వస్తామన్న చుట్టాలు రాలేదు. గిన్నెడు కూర మిగిలింది. వండింది పారెయ్యడానికి భార్యకి చేతులు రావు. మర్నాడు ముందు అది తిన్నారు, దాంతో ఆ రోజు వండింది మిగిలింది. అంతే, ఇక ఆ ఇంట్లో పొయ్యి మీది కూర తిన్న మనిషి లేడు. పిల్లలు పుట్టారు, పెరిగారు, ఎవరి కాపురాలకి వాళ్ళు వెళ్ళారు. కూర మాత్రం ఒకరోజు వెనకే ఉండిపోయింది. ముక్కుది ఒక కూర, నోటిది ఒక కూర. పొగలు కక్కే కూర ఒక్కసారి తినాలన్నది తప్ప లిఫ్టాయనకి వేరే కోరికంటూ లేదు.

"ఒక్కరోజు పొయ్యి మానెయ్యమను వదినని," అంది ఊడ్చే ఆమె. "ఉన్నది ఖాళీ అయిపోతుంది. దీనికింత కథా?"

నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. ఇన్నేళ్ళూ తట్టనే లేదు. ఆ సాయంత్రం ఐదో అంతస్తు వాళ్ళని రెండులో దింపి తిట్లు తిన్నాడు.

ఇంటికొచ్చేసరికి భార్య బీన్స్ కూర దించింది. డబ్బాలోకి తీసి, గరిటె వెనకతో గోడకి సున్నం పూసినంత నున్నగా సర్దుతోంది. చల్లారాక గానీ మూత పెట్టదు.

"రేపు వండకే," అన్నాడు చెప్పులైనా విప్పకుండా.

"ఒంట్లో బాగానే ఉందా మీకు?"

"రేపు ఈ బీన్స్ తినేద్దాం. ఎల్లుండి వండింది ఎల్లుండే తినొచ్చు."

ఆమె గరిటె పట్టుకుని ఆలోచించింది. "వండకపోతే సాయంత్రం పూట నేనేం చెయ్యనండీ?"

అతను చెప్పులు విప్పి గోడ వార పెట్టాడు.

"సరే, ఒక్కరోజేగా," అంది చివరికి. "ఈ పూట మాత్రం గుమ్మడికాయే. అది అవ్వాలి."

ఆమె మేడ మీద ఆరేసిన బట్టలు తెచ్చేసరికి అతను కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. భుజం మీది బట్టలతోనే, చూడకుండా మూత నొక్కి డబ్బా ఫ్రిజ్‌లోకి తోసింది. కంచం పెట్టి పిలిచింది. రాలేదు. మళ్ళీ పిలిచింది. దగ్గరికెళ్ళి భుజం కదిపితే తల పక్కకి ఒరిగింది.

మర్నాడు ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. వచ్చినవాళ్ళంతా వెళ్ళాక, ఏదో ఒకటి తినమని కూతురు ఫ్రిజ్‌లోంచి డబ్బా తెచ్చి ముందు పెట్టింది. ఆమె మూత తీసింది. నున్నగా సర్దిన కూరలో, ఒక మూల, రెండు వేళ్ళు పట్టేంత గుంట.