ఎంగ్రాసియా పేరు లేని వ్యాసం

మే నెల రెండో వారంలో నేను చేయవలసిన పనులు నాలుగు. తొమ్మిదో తరగతి లెక్కల పేపర్లు దిద్దాలి. అమ్మను పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. కారుకు వెనక టైరు మార్పించాలి. మా బేస్‌బాల్ జట్టు హెరాన్స్ అభిమానుల పత్రికకు నాలుగు వాక్యాలు రాసి పంపాలి: మాతోపాటు కూర్చుని ఆట చూసే దోన్ తెయో అవతలి జట్టు సైగలు దొంగిలించి మా ఆటగాళ్లకు అందించలేదని, ఆయన చెయ్యి ఎందుకు కదులుతుందో నాకు తెలుసని.

మొదటి మూడూ చేశాను.

పత్రికకు రాసేది నేనే. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటిదాన్నని ఆ పని నాకే అప్పగించారు.

మేం కూర్చునేది మైదానానికి ఆ చివర, పైకప్పు లేని బల్లల మీద. అక్కడినుంచి, బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్ సూటిగా కనిపిస్తాడు. ఏ బంతి వేయాలో అతను కాళ్ల మధ్య వేళ్లు చూపి, బంతి విసిరే పిచ్చర్‌కు చెబుతాడు. నలభై ఏళ్లు రొయ్యల పడవల మీద పనిచేసిన దోన్ తెయో బైనాక్యులర్స్‌లోంచి ఆ వేళ్లు చూసి, పక్కనున్న భార్య ఎంగ్రాసియా భుజం తట్టేవాడు. ఒకసారి తడితే వేగం బంతి, రెండుసార్లైతే వంపు బంతి. చక్కెర జబ్బుతో ఆమెకు చూపు పోయింది. రేడియోలో ఆట ఏడెనిమిది సెకన్లు ఆలస్యంగా వస్తుంది. జనం అరిచేశాక సంగతి తెలియడం ఆమెకు నచ్చేది కాదు. ఆయన తట్టగానే అందరితోపాటు తనూ ఊపిరి బిగబట్టేది.

కిందటేడు మేం కప్పు గెలిచినప్పుడు ఆయన గురించి ఒక వ్యాసం రాశాను. ‘బంతికన్నా ముందే తెలిసిన మనిషి’ అని పేరు పెట్టాను. భార్య సంగతి ఉంటే జాలి కథ అయిపోతుందనిపించి, రాసినది కొట్టేశాను. చాలామంది మెచ్చుకున్నారు.

ఈ ఏప్రిల్‌లో, ఏ బంతి వస్తుందో హెరాన్స్ బ్యాటర్లకు ముందే తెలిసిపోతోందని వేరే జట్టు పిచ్చర్ ఒకడు బయటపెట్టాడు, దాని మీద లీగ్ విచారణ మొదలైంది. రెండు రోజుల్లో ఎవరో పాత మ్యాచ్ వీడియోలో దోన్ తెయో చెయ్యి లేవడం చూపించి, కింద నా వ్యాసం అతికించారు. దాన్ని ముందు పట్టుకు వేలాడింది మావాళ్లే. ముసలాయన ఏదో చేతులూపాడు, కుర్రాళ్లు అటు చూశారో లేదో ఎవరికి తెలుసు అనుకుంటే తప్పు జట్టు మీదికి రాదు, కప్పు మాకు దక్కుతుంది. నేనూ అలాగే అనుకున్నాను. ఆయన కాదని రాస్తే, మరెవరని అడుగుతారు కదా.

మే నెలలో ఆ ఆదివారం మధ్యాహ్నం మ్యాచ్‌కు అవతలి జట్టు అభిమానులు దోన్ తెయోను వెక్కిరిస్తూ అట్ట గొట్టాలు కళ్లకు పెట్టుకుని వచ్చారు. ఎంగ్రాసియాను మా చెల్లెలు బాత్రూముకు తీసుకెళ్లింది. మా వరసలో డోలు కొట్టే రోహెలియో వచ్చి దోన్ తెయో ముందు నిలబడ్డాడు.

“ఏం తాతా, ఇవాళ ఎవరికి కబురు పంపుతున్నావ్?”

“మా ఆవిడకి.”

రోహెలియో ఫోన్‌లో నా వ్యాసం తీశాడు. “మొత్తం చదివాను. ఇందులో ఆవిడ ఊసే లేదే.”

సంగతి తెలిసినవాళ్లు గుమ్మడి గింజలు ఒలుచుకుంటూ తలలు దించుకున్నారు. దోన్ తెయో నా వైపు తిరిగాడు.

“రాసింది నువ్వే కదా అమ్మడూ. కాస్త చెప్పు వీళ్లకి.”

చెప్పవలసింది ఒక్క ముక్క.

“విచారణ తేలనివ్వండి, దోన్ తెయో,” అన్నాను.

ఆయన బైనాక్యులర్స్ సంచిలో పెట్టేశాడు. ఎంగ్రాసియా తిరిగొచ్చి కూర్చుంది. కాసేపు ఎదురుచూసింది.

“ఏం వేస్తున్నాడు తెయో?”

“కనబడట్లేదు. ఎండ కళ్లలో కొడుతోంది.”

“ఎండా? నాకు వేడి తగలట్లేదే.”

ఐదో ఇన్నింగ్స్ కాకముందే ఇద్దరూ లేచి వెళ్లిపోయారు. మర్నాడే రాయాలనుకున్నాను. తర్వాత, బడికి సెలవులిచ్చాక రాద్దామనుకున్నాను.

ఆగస్టులో విచారణ తేలింది. క్యాచర్ వేళ్లు చూడడానికి స్కోరుబోర్డు కింద జట్టువాళ్లే కెమెరా పెట్టించారట. ముగ్గురు ఆటగాళ్లు ఒప్పుకున్నారు. మావాళ్లలో కొందరు జట్టు చొక్కాలు చెత్తబుట్టలో వేశారు, అందరూ చేసేదే కదా అన్నారు ఇంకొందరు. రోహెలియో డోలు ఇంట్లో పెట్టి వచ్చాడు. దోన్ తెయో పేరు మాత్రం ఎవరూ ఎత్తలేదు.

అమ్మ మొక్కజొన్న పిండితో చేసిన తమాలెస్ పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. ఆయన ఒక్కడే ఉన్నాడు. మూత్రపిండాలు పాడై ఎంగ్రాసియా జూలైలోనే పోయిందట. మాకెవరికీ కబురు చేయలేదు. ఆటకెందుకు వెళ్లట్లేదని అడిగితే గ్రౌండు బాగుచేస్తున్నారని ఆమెకు చెబుతూ వచ్చానన్నాడు. నమ్మిందో లేదో తెలీదన్నాడు. రేడియో పెట్టబోతే వద్దందట.

క్షమించమని అడిగాను. ఇప్పుడైనా రాస్తానని, ఆయన మీద మచ్చ లేకుండా చేస్తానని అన్నాను. ఆయన తమాలెస్ పొట్లం పక్కన పెట్టాడు.

“నా సంగతి తర్వాత. అప్పుడు నువ్వు రాసినదాంట్లో ఆవిడ పేరు లేదు. ఈసారి ముందు అది రాయి.”

అందుకే ఇది రాస్తున్నాను. ఆమె పేరు ఎంగ్రాసియా బర్రియెంతోస్. ముప్పై ఏళ్లు పీతల షెడ్డులో పెంకులు ఒలిచింది. అవతలి పిచ్చర్ మంచి బంతి వేస్తే, మేం ఎంత విసుక్కున్నా చప్పట్లు కొట్టేది. మా జట్టు చేసిన మోసం గురించి మీరెక్కడైనా మాట్లాడుకునేటప్పుడు, దయచేసి ఆమెను ఒక్కసారి గుర్తు చేసుకోండి.