ఎనిమిది లెక్కపెట్టేలోపు

తెర లేవడానికి ఇంకా పది నిమిషాలుంది. నాటకంలో తల్లి వేషం కట్టిన పెద్దావిడ తన పాదాలకేసి గుర్రుగా చూస్తోంది. చక్కెర జబ్బు వాటిలోని నరాలను మెల్లగా తినేసింది. నేల మీద ఉన్నాయో దూది మీద ఉన్నాయో వాటికే తెలియదు. వెలుతురుంటే కళ్ళే కాళ్ళను నడిపిస్తాయి. దీపం ఆరిందా, మనిషి పక్కకు ఒరిగిపోవడమే.

దర్శకురాలు ఆవిడ సొంత ఆడపడుచు. వేషాల గది గుమ్మంలోనే నిలబడి తేల్చేసింది.

"వదినా, ఇవాళ చీకట్లో ఒక్కసారి తూలావంటే రేపట్నుంచి ఆ వేషం ఇంకొకరికి. నువ్వు పడి తుంటి విరగ్గొట్టుకుంటే అన్నయ్యకు నేనేం చెప్పను?"

"రేపట్నుంచి వంట ఆయనదేనని చెప్పు."

నాటకంలో తల్లి కొడుకును తరిమేస్తూ "పో! మళ్ళీ ఈ గడప తొక్కకు!" అనగానే దీపాలు ఆరిపోతాయి. ఎనిమిది లెక్కపెట్టేలోపు కొడుకు బయటికి పోవాలి, తల్లి కుర్చీలో కూర్చోవాలి. కసరత్తులు చేయించే అమ్మాయి దీనికో ఉపాయం చెప్పింది. బరువు వేయనక్కర్లేదట, కదలని వస్తువుకు ఒక్క వేలు ఆనిస్తే చాలు, ఒళ్ళు నిలదొక్కుకుంటుందట. వడ్రంగి కుర్చీ దాకా పొడవాటి బల్ల చేసి నేలకు బిగించాడు. ఆవిడ బల్ల దగ్గరికొచ్చి ఆ మాట అనాలి, అంచున వేలు ఆనించి నడవాలి. నెల రోజులు కళ్ళు మూసుకుని సాధన చేసింది. ఒక్కసారీ తూలలేదు.

తెర లేచింది. ఆవిడ నోరు విప్పితే చాలు, హాలు హోరెత్తిపోతోంది! చప్పట్లు వింటే ఆవిడకు ఒళ్ళు తెలియదు. ఆ ఊపులో కొడుకు వెంటపడి రంగస్థలం నడిమధ్యకు వచ్చేసింది. బల్ల సంగతే మరిచిపోయి చెయ్యెత్తి అరిచింది.

"పో! మళ్ళీ ఈ గడప తొక్కకు!"

దీపాలాయన మాట తప్పని మనిషి. ఠక్కున ఆర్పేశాడు.

ఒకటి. రెండు. చెయ్యి చాచింది, గాలి తప్ప ఏమీ తగల్లేదు. మూడు. బల్ల ఎడమనా, కుడినా? ఒళ్ళు ఒరుగుతోంది. నాలుగు. పడితే వేషం పోయినట్టే. ఇన్ని నెలలూ మెట్ల దగ్గర మొగుడు అందించిన చేతిని కూడా విదిలించుకున్న మనిషి ఆవిడ. ఐదు.

"ఒరేయ్! ఎక్కడున్నావురా? చెయ్యివ్వు, పడిపోతున్నాను!"

హాలంతా విన్నది. పరుగెత్తుకొచ్చిన అడుగులు, ఒక చెయ్యి. ఆవిడ దాన్ని ఒడిసి పట్టుకుంది.

దీపాలు వెలిగాయి. తరిమేసిన కొడుకు చెయ్యి పట్టుకుని తల్లి నడిమధ్యలో నిలబడి ఉంది! ఇంకా మూడు సీన్ల పాటు వాళ్ళిద్దరూ మొహమొహాలు చూసుకోకూడదు మరి. కొడుకు వేషగాడు నోరు తెరిచి గుడ్లప్పగించాడు. ఆవిడ వాడి కళ్ళలోకి సూటిగా చూసింది.

"చెయ్యి పట్టుకున్నానని కోపం తగ్గిందనుకునేవు. కుర్చీ దాకా దిగబెట్టి, అప్పుడు పో!"

వాడు దిగబెట్టాడు, తల వంచుకుని వెళ్ళిపోయాడు. హాలు మొత్తం లేచి నిలబడింది.

ఆట ముగియగానే ఆడపడుచు పరుగెత్తుకొచ్చింది.

"తూలాను, విన్నావుగా. వేషం తీసేస్తావా?" అంది ఆవిడ.

"తీసెయ్యడమా! రేపూ అలాగే పిలవాలి."

"రేపు బల్ల దగ్గరే ఉంటానే. పడను."

"పడకపోయినా పిలువు, వదినా."