వెనక సీటు తెడ్డు

నదిలో నాలుగు కయాక్‌లు, ఒక్కోదాంట్లో ఇద్దరు. అందరూ ఒకే ఆఫీసువాళ్ళు. పేరుకి స్నేహితుల విహారం, కాగితాల మీద మాత్రం "తనిఖీ పర్యటన". అందుకే మేనేజరు పెండింగు ఫైళ్ళు కూడా వెంట తెమ్మన్నాడు. నీళ్ళు చొరని సంచిలో కట్టి తెచ్చింది టెంపరరీ గుమాస్తా. ఆ కట్టలో అతని ఫైలూ ఉంది. ఉద్యోగం పర్మనెంటు చేసే కాగితం, ఒక్క సంతకం కోసం ఏడేళ్ళుగా నానుతోంది. ఈ నెలాఖరు దాటితే ఆ పోస్టే రద్దు.

"ఈ రోజు సారూ గీరూ లేవు. అన్నయ్యా అని పిలవండి," అన్నాడు మేనేజరు ఒడ్డున.

"అలాగే సార్," అన్నారు ఏడుగురూ.

పడవలు అద్దెకిచ్చేవాడు ఒకటే చెప్పాడు. "దారి తిప్పేది వెనక సీటాయన. కొండ దాటాక నది రెండుగా చీలుతుంది, ఎడమకే పోండి. కుడివైపు రాళ్ళు. ప్రాణానికేం కాదు గానీ, ఇరుక్కుంటే నడుంలోతు బురదలో దిగి పడవ ఈడ్చుకోవాలి."

మేనేజరు ముందు సీట్లో కూర్చుని, తెడ్డు ఒళ్ళో పెట్టుకుని ఫొటోలు తీసుకున్నాడు. ఇద్దరి పనీ వెనక సీట్లో ఉన్న గుమాస్తాదే. అటు పచ్చటి కొండ, ఇటు తెల్లటి కొంగలు. చూడ్డానికి రెండు కళ్ళూ చాలవంటారు. అతని రెండు కళ్ళలోకీ చెమట కారుతోంది. కనిపించేది మేనేజరు వీపు. ఏడేళ్ళుగా కనిపిస్తున్నదీ అదే.

మిగతా మూడు పడవలూ వెనకే. మేనేజర్ని ఎవరూ దాటరు. మెట్ల మీదా అంతే, భోజనం దగ్గరా అంతే. ఆయన ఫొటో కోసం ఆగితే, ప్రవాహానికి ఎదురు తెడ్డేసి మరీ ఆగేవాళ్ళు.

"అన్నయ్యా, నా ఫైలు..." అన్నాడు గుమాస్తా.

"ఇక్కడా ఆఫీసు గోలేనా? ప్రకృతిని చూడవయ్యా. పర్మనెంటైతే ఒళ్ళు బరువెక్కుతుంది. ఇప్పుడు చూడు, ఎంత బాగా తోస్తున్నావో."

గుమాస్తా తెడ్డు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

పడవ అడ్డం తిరిగింది. ఎదురుగా చీలిక. నీళ్ళు కుడికి లాగుతున్నాయి.

"ఏమైంది? తొయ్యి."

"చెయ్యి రావట్లేదన్నయ్యా. టెంపరరీ చెయ్యి కదా."

"వేళాకోళమా? అటు రాళ్ళున్నాయి."

"ఉన్నాయి. తమరి తెడ్డు తమరి ఒళ్ళోనే ఉంది."

మేనేజరు తెడ్డు నీళ్ళలో పొడిచాడు. పడవ గిర్రున తిరిగింది. వెనకవాళ్ళు అదేదో కొత్త పద్ధతి కాబోలనుకుని, తమ పడవలూ గుండ్రంగా తిప్పడం మొదలెట్టారు.

రాళ్ళు దగ్గరపడ్డాయి.

"ఇటు తగలెయ్ ఆ ఫైలు," అన్నాడు మేనేజరు. లైఫ్ జాకెట్‌కి కూడా పెన్ను తగిలించుకునే మనిషి. మోకాలి మీద పెట్టి సంతకం గీకాడు.

"తేదీ కూడా."

వేశాడు. గుమాస్తా ఫైలు సంచిలో కట్టి, నాలుగు పోట్లేసి పడవని ఎడమకి తిప్పాడు.

"ఒడ్డుకి రా, నీ సంగతి చూస్తా," అన్నాడు మేనేజరు వెనక్కి తిరక్కుండా.

"చూద్దురు లెండి. పర్మనెంటువాణ్ణి, ఎక్కడికి పోతాను?"

వెనక మూడు పడవలూ తిరుగుతూ తిరుగుతూ కుడికి పోతున్నాయి. "చాలు ఆపండి, ఎడమకి రండి," అని గుమాస్తా గొంతు చించుకున్నాడు. వాళ్ళకి వినబడింది. కానీ మేనేజరు ఇంకా ఏమీ అనలేదు కదా.