సక్కుబాయి చెప్పిన వాసనలు

హరితకు కాఫీ వాసన కాలిన టైరు వాసనగా మారిపోయి ఆరు నెలలు దాటింది.

కిందటి వేసవిలో వచ్చిన జ్వరం నాలుగు రోజుల్లో తగ్గిపోయింది గానీ, పోతూ పోతూ ముక్కును ఖాళీ చేసి పోయింది. మొదటి మూడు నెలలు ఏ వాసనా లేదు. తర్వాత కాఫీ, వేగుతున్న ఉల్లిపాయ, ఈ రెండు మాత్రం తిరిగొచ్చాయి, అవి కూడా భరించలేనంత వికారంగా. నాలుక బాగానే ఉంది. తీపీ పులుపూ తెలిసేవి. కానీ మామిడిపండు తింటే తీపి తెలిసేది తప్ప మామిడి తెలిసేది కాదు.

"రావచ్చు, రాకపోవచ్చు. రోజూ పొద్దున నిమ్మచెక్క, లవంగం, గులాబీ ముక్కు దగ్గర పెట్టుకుని వాటి వాసన గుర్తు చేసుకోండి" అన్నాడు డాక్టరు. రెండు నెలలు చేసి విసుగొచ్చి మానేసింది.

ఈ సంగతి భర్త వినయ్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి నామోషీ. మదీనాగూడలో వాళ్లుండే అపార్ట్‌మెంటులో హరిత చేతివంటకు పేరుంది. హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూనే, ఏటా ఫిబ్రవరిలో అందరూ కలిసి చేసుకునే ఆదివారం భోజనాలకు తిరమిసు చేసి పెట్టేది. కాఫీలో ముంచిన బిస్కెట్లు, వాటి మీద నురుగులాంటి మీగడ, మళ్లీ బిస్కెట్లు, మళ్లీ మీగడ. ఇటలీ వాళ్ల మిఠాయి. ఈసారి కూడా అసోసియేషన్ సెక్రటరీ భవాని ఆమెను అడక్కుండానే పట్టికలో పేరు రాసేసింది.

"చెయ్యలేనని చెప్పెయ్" అన్నాడు వినయ్.

"ఎందుకని అడుగుతారు. ఏం చెప్పమంటావ్?"

ఆ సాయంత్రం హరిత ఆఫీసు నుంచి వస్తుంటే కొత్తగూడ చౌరస్తాలో బండ్ల నిండా స్ట్రాబెర్రీలు కనబడ్డాయి. ఎర్రగా, ముట్టుకుంటే రంగు అంటుకునేలా ఉన్నాయి. కాఫీ లేకుండా చేస్తే? పండ్ల రసంలో బిస్కెట్లు ముంచితే? వాసన తెలియకపోయినా రంగు కనబడుతుంది కదా. రెండు డబ్బాలు కొంది. పక్కనే పెద్ద దుకాణంలో బ్లూబెర్రీలు కూడా తీసుకుంది.

ఇంకా వారం ఉందనగా శనివారం పొద్దున ఒకసారి చేసి చూద్దామని మొదలుపెట్టింది. అప్పుడే సక్కుబాయి వచ్చింది. ఆమెది పాత కొత్తగూడ. అక్కడే పుట్టి, అక్కడే పెళ్లయి, ఊరు ఊరంతా ఆకాశమంత భవనాలైనా అక్కడే ఉండిపోయింది. రెండేళ్లుగా హరిత ఇంట్లో పొద్దుటి వంట ఆమెదే.

"ఇవేం బిస్కెట్లు హరితమ్మా?"

"లేడీఫింగర్ బిస్కెట్లక్కా."

"బెండకాయతోని బిస్కెట్లా? ఏం కాలమొచ్చిందమ్మా!"

హరిత నవ్వింది. పండ్లు చక్కెరతో ఉడికించి రసం వడగట్టింది. ముందురోజు మీగడ కాచి, నిమ్మరసం పిండి, బట్టలో వేలాడగట్టిన ముద్ద ఫ్రిజ్‌లో ఉంది. దాన్ని గిన్నెలోకి తీసుకుని గిలక్కొట్టింది. రుచి చూసింది. తీపి ఉంది. పులుపు ఉంది. అంతే. చెంచా చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఏమైంది?" అంది సక్కుబాయి.

ఎందుకు చెప్పిందో హరితకే తెలియదు. అన్ని నెలలుగా దాచిన మాట రెండు ముక్కల్లో బయటికొచ్చేసింది. అయ్యో పాపం అంటుందేమో అనుకుంది. సక్కుబాయి అలా అనలేదు. చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఆమె మొహంలోకి చూసింది.

"మరి గిన్ని దినాల సంది అన్నమెట్ల తింటున్నవు బిడ్డా?"

ఆ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదు. హరిత రసం గిన్నెను ఆమె ముందుకు జరిపింది. "ఇదెట్లుందో నువ్వే చూసి చెప్పక్కా. నాకు తెల్దు."

సక్కుబాయి గిన్నె మీదికి వంగింది. కళ్లు మూసుకుంది. ఊపిరి లోపలికి తీసుకుని, ఆపి, మెల్లగా వదిలింది.

"పైపైన గులాబీ లెక్కున్నది. జర లోపలికి పోతే పచ్చగడ్డి కోసినట్టు. గంతే, ఆడికే ఆగిపోయింది. దీనికి అడుగు లేదు హరితమ్మా. చిన్నప్పుడు గుట్టలల్ల పరికి పండ్లు, కలే పండ్లు ఏరుకొని తిన్నోళ్లం మేము. నోట్లె ఏసుకుంటే వాసన గొంతుల దాకా దిగుతుండె. ఇది పెదవుల మీదనే ఉంటది."

హరిత బిత్తరపోయింది. వాసన ఉన్న రోజుల్లో కూడా స్ట్రాబెర్రీ గురించి తను అంత దూరం ఆలోచించలేదు. బ్లూబెర్రీలు చూపిస్తే, "ఇవి చూస్తానికే, వాసనే లేదు" అని పక్కకు పెట్టేసింది సక్కుబాయి. తర్వాత మీగడ గిన్నె అందుకుని ముక్కు చిట్లించింది.

"దీంట్ల ఇంగువున్నది."

"ఇంగువా? మీగడలో ఇంగువెట్లొస్తుందక్కా?"

"నాకేమెర్క. ఉన్నదంటే ఉన్నది."

హరిత ఆలోచించింది. మీగడ కట్టిన బట్ట... దాంతోనే నెల కిందట చారుపొడి జల్లించింది. రెండుసార్లు ఉతికి ఆరేసిన బట్ట అది! ఒళ్లు గగుర్పొడిచింది. ఈ రెండేళ్లూ తన వంటింట్లో తోటకూర తరిగిన మనిషేనా ఈమె? ముద్దంతా పారబోసింది. ఏమాత్రం బాధ కలగలేదు.

"అడుగు కావాలంటే ఏం చెయ్యాలక్కా?"

"లింగంపల్లి టేషన్ ఎనక మా చెల్లె జ్యోతి ఉంటది. వాళ్లింటి ముంగట ఓ చెట్టున్నది. నల్లగ, పొడుగ్గ, గొంగళి పురుగు లెక్కుంటయి పండ్లు. పిట్టలు తప్ప ఎవ్వలు తినరు. వచ్చే శనివారం పోదాం, అప్పటికి మాగుతయి."

వారం గడిచింది. శనివారం పొద్దున్నే స్కూటీ మీద ఇద్దరూ బయల్దేరారు. స్టేషన్ వెనక సన్నటి గల్లీలో, గోడ మీదుగా ఒరిగిన చెట్టు కనబడింది. దగ్గరికి వెళ్లి ఆకును చూడగానే హరిత ఆగిపోయింది.

"అక్కా, ఇది మల్బరీ. మా అవ్వోళ్లు పట్టుపురుగులకు వేసే ఆకు ఇదే."

"మరింకేంది, నీకెర్క ఉన్నదే" అంటూ సక్కుబాయి కొమ్మ వంచింది. పండ్లు ముట్టుకుంటే చాలు రాలిపోతున్నాయి. కాసేపట్లో ఇద్దరి వేళ్లూ ఊదారంగుకు తిరిగాయి. ఒక పండు తెగకపోతే ఆకుతో సహా లాగింది హరిత. ఆకు చేతిలో నలిగింది. చెమట తుడుచుకోబోయి అదే చెయ్యి మొహం దగ్గరికి తెచ్చుకుంది.

వాసన వచ్చింది.

ముందు అదేమిటో అర్థం కాలేదు. తడిసిన పచ్చిదనం. దాని వెనక మట్టి. ఆ వెనకే హిందూపురం పక్కన అవ్వ వాళ్ల ఊరు, తెల్లారకముందే కోసి తెచ్చిన ఆకుల గంప, చీకటి కొట్టంలో తట్టల నిండా వేల పట్టుపురుగులు ఆకు తింటుంటే వాన కురిసినట్టు వినబడే చప్పుడు. "పాపా, అడుగు మెల్లగెయ్యి, అవి బెదురుతాయి" అనే అవ్వ గొంతు. ఇన్ని సంగతులు ఒక ఆకులోంచి ఎలా వచ్చాయో! హరిత కదల్లేదు. కదిలితే పోతుందేమోనని భయం. ఆ వాసన నాలుగు ఊపిర్ల సేపు నిలిచింది. ఐదో ఊపిరికి వెళ్లిపోయింది.

"వచ్చిందక్కా" అంది.

"ఏమొచ్చింది?"

"ఆకు. ఆకు వాసన."

సక్కుబాయి కొమ్మ వదిలేసి దగ్గరికొచ్చింది. ఆమె కళ్లల్లోనూ ఆశ్చర్యమే. "పోయిందా మళ్ల?"

"పోయింది."

"పోనీ తియ్యి. ముక్కు బతికే ఉన్నదని తెల్సింది గద."

ఆ మధ్యాహ్నం వంటింట్లో హరిత చేతులు, సక్కుబాయి ముక్కు కలిసి పని చేశాయి. మల్బరీలు ఎక్కువ ఉడికితే వాసన చస్తుందని పొయ్యి ఆర్పించింది సక్కుబాయి. ముందురోజు మీగడ కట్టడానికి కొత్త బట్ట కూడా తనే తెచ్చి వాసన చూసి ఇచ్చింది. నిమ్మతొక్క తురుముతుంటే చాలని చెయ్యెత్తి ఆపింది. బిస్కెట్లను హరిత ఒక్కొక్కటే రసంలో ముంచి, నానీ నానకముందే తీసి గాజుగిన్నెలో పేర్చింది. మీగడ, స్ట్రాబెర్రీ ముక్కలు, మళ్లీ బిస్కెట్లు. పైన కోకో పొడికి బదులు నల్లటి మల్బరీలు. పక్క నుంచి చూస్తే ఎరుపు, తెలుపు, ఊదా పొరలు. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి ఇద్దరూ కాసేపు తలుపు తెరిచే ఉంచి చూస్తూ నిలబడ్డారు.

ఆదివారం భోజనాలకు సక్కుబాయిని పట్టుబట్టి రమ్మంది హరిత. కొత్తచీర కట్టుకుని వచ్చి, గోడవారగా కుర్చీలో కూర్చుంది ఆమె. అన్నాలయ్యాక గాజుగిన్నె తెచ్చి పెట్టారు. మొదటి చెంచా భవానిది. నోట్లో పెట్టుకుంది. ఇంకో చెంచా తీసుకుంది.

"ఇదేంటి హరితా, కాఫీదానికంటే బాగుంది! ఏదో వాసన, చివర్లో వస్తోంది, ఏమిటది?"

అందరూ హరిత వైపు తిరిగారు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కానీ ఆమెకు ఆ అవసరం కనబడలేదు.

"నాకు తెలీదండీ. తొమ్మిది నెలలుగా నాకు వాసన తెలియదు. చేసింది నేనే గానీ, ఇందులో వాసనలన్నీ చూసింది సక్కుబాయక్క. ఆమెనే అడగండి."

వినయ్ హరిత వైపే చూస్తున్నాడు. సక్కుబాయి మొదట సిగ్గుపడి కొంగు సర్దుకుంది. తర్వాత తన గిన్నెలోంచి కొంచెం తీసి నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది.

"ముందుగాల నిమ్మతొక్క తాకుతది" అంది. "ఎంటనే పోతది. అటెన్క పాలు, అప్పుడే పిండినయి. అటెన్క ఎర్రపండు, గులాబీ తీర్గ. ఇగ మింగేటప్పుడు సూడుండ్రి, గొంతుల ఓ నల్లటి వాసన. వానకు తడిసిన కట్టె లెక్క. గది మల్బరీది."

భవాని కళ్లు మూసుకుని ఇంకో చెంచా నోట్లో పెట్టుకుంది. ఆమెను చూసి పక్కామె, ఆమెను చూసి మరొకరు. ముప్పైమంది ఒక్కొక్కరే కళ్లు మూసుకుని, సక్కుబాయి చెప్పిన వరుసలో ఒక్కో వాసననూ వెతుక్కుంటున్నారు. "అవును, నిమ్మ!" అన్నారెవరో మెల్లగా. హరిత తినడం ఆపి ఆ మొహాలనే చూస్తూ ఉండిపోయింది.