ఏ బుగ్గన సొట్ట

పొద్దున్నించి అల్దోన్సా మఠం గుమ్మం దగ్గరికి రావడం ఇది మూడోసారి. కాపలా సన్యాసి ఫ్రోయిలాకి ఓపిక అయిపోయింది.

"మళ్ళీ వచ్చావా తల్లీ? ఆడవాళ్ళు లోపలికి రాకూడదని పొద్దున్నే చెప్పాను కదా. మధ్యాహ్నానికి మఠం కట్టుబాటు మారిపోతుందా?"

"నేను రానండి స్వామీ. మార్తిం మేస్త్రీని ఒక్కసారి బయటికి పిలవండి. ఒకే ఒక్క మాట."

"ఇంకాసేపట్లో రాజుగారొస్తున్నారు. మేస్త్రీ రాతిపొడి కడుక్కుని, ఉన్నదాంట్లో మంచి అంగీ తొడుక్కుని, వణుకుతూ నిలబడ్డాడు. నీ ఒక్క మాటతో ఆ మనిషి కాస్తా పడిపోతాడు. వెళ్ళు."

ఆమె వెళ్ళలేదు. గోడవారన అటూ ఇటూ తిరగసాగింది. కూర్చుంటే కాళ్ళు ఊరుకోవడం లేదు, నిలబడితే గుండె ఊరుకోవడం లేదు.

గియోమార్ దొరసానికి ఆరేళ్ళు తల దువ్వింది అల్దోన్సా. యువరాజు ఆ దొరసానిని ప్రాణంగా ప్రేమించాడు, పిల్లల్ని కన్నాడు. అది గిట్టని ముసలిరాజు, కొడుకు వేటకి వెళ్ళిన రోజు చూసి ముగ్గురు మనుషుల్ని పంపి ఆమెను చంపించాడు. ఆ రోజు అల్దోన్సా చెల్లెలి పెళ్ళికని ఊరెళ్ళింది. ఉండి మాత్రం ఏం చేసేదని అందరూ అన్నారు. ఆమె మనసు మాత్రం ఏ రోజూ ఆ మాట ఒప్పుకోలేదు.

ముసలిరాజు పోయాడు, యువరాజు రాజయ్యాడు. దొరసాని ఎముకల్ని ఈ మఠానికి తెప్పించి తెల్లరాతి సమాధి చెక్కమన్నాడు. ఎదురుగా తనకొకటి, పాదాలకి పాదాలు ఎదురయ్యేలా. లోకాంతాన చచ్చినవాళ్ళంతా లేచినప్పుడు, తను లేచి కూర్చోగానే మొదట కనబడేది ఆమె ముఖమే కావాలట.

కానీ ఆ ముఖాన్ని ఎవరూ గీసి ఉంచలేదు, రాజుని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. వెతగ్గా వెతగ్గా అల్దోన్సా దొరికింది. రోజూ తల దువ్విన మనిషి కంటే ఎవరికి బాగా తెలుస్తుందన్నారంతా. నిజం చెప్పాలంటే ఆమె కూడా కాస్త పొంగిపోయింది. మేస్త్రీ మట్టితో తల చేసి గుమ్మం పక్క పాకలోకి తెచ్చేవాడు, ఆమె ఎదురుగా కూర్చుని దిద్దించేది. నవ్వకపోయినా పడే సొట్ట ఒకటి దొరసానికి ఒక బుగ్గనే ఉండేది. "ఇక్కడ" అని తన కుడిచేతి వైపున్న బుగ్గమీద వేలు పెట్టింది. రాతిలోనూ అలాగే చెక్కారు.

నిన్న కూతురు తరేజా పొయ్యి ఊది, నీళ్ళతొట్టి మీద వంగి ముఖం చూసుకుంటోంది. వెనక నిలబడ్డ అల్దోన్సాకి నీళ్ళలో తన కుడిచేతి వైపు బుగ్గన మసి కనిపించింది.

"ఏమే, ఇలా తిరుగు, తుడుస్తాను."

తరేజా తిరిగింది. మసి ఇప్పుడు అల్దోన్సా ఎడంచేతి వైపుంది.

"అలా గుడ్లప్పగించి చూస్తావేంటమ్మా? దెయ్యం కనిపించిందా?"

కనిపించినట్టే అయింది. దొరసాని ఎదుట పడితే దాసీ తల దించుకోవాలి, అది మర్యాద. ఆ ముఖాన్ని అల్దోన్సా కళ్ళెత్తి చూసిందంతా వెనకనుంచే, ఎదుటి కంచు అద్దంలోనే. ఎదురుగా ఉన్న మట్టితలకి ఆ అద్దంలో ముఖాన్నే దిద్దించింది. సొట్ట ఉండాల్సింది కుడిబుగ్గన. రాతిలో పడింది ఎడంబుగ్గన.

ప్రాణం కాపాడలేకపోయాను, ముఖం కూడా పాడుచేశాను, అనుకుని ఆమె తెల్లవార్లూ కుమిలిపోయింది.

గంటలు మోగాయి. గుర్రాలొచ్చాయి. భటుడొకడు ఆమెను గోడకి నెట్టేశాడు. రాజు ఎటూ చూడకుండా లోపలికి నడిచాడు. అల్దోన్సా మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది. మేస్త్రీ చేతులు నరికిస్తాడా? తనని పిలిపిస్తాడా? పిలిపిస్తే బాగుండును, చెప్పేస్తుంది.

చాలాసేపటికి రాజు బయటికొచ్చి గుర్రమెక్కి వెళ్ళిపోయాడు. వెనకే మేస్త్రీ పరుగున వచ్చాడు, ముఖమంతా నవ్వు.

"గట్టెక్కాం అల్దోన్సమ్మా! నీ నోట్లో చక్కెర పొయ్యాలి!"

"మేస్త్రీ, సొట్ట తప్పు. అది కుడిబుగ్గది."

ఆమె గబగబా అంతా చెప్పింది. అతని నవ్వు ఆగిపోయింది. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"నోరు మూసుకో తల్లీ, నీకు పుణ్యముంటుంది. ఆయన ఏం చేశాడో తెలుసా? సరిగ్గా ఆ సొట్టలోనే వేలు పెట్టి ఏడ్చాడు. చీకట్లో తడిమినా ఈ బుగ్గ నాకు తెలుస్తుంది అన్నాడు. ముఖాముఖి చూసిన మొగుడాయన. అద్దంలో చూసిన దానివి నువ్వు. ఎవరి మాట నిలుస్తుంది?"

రాజు కోపగించుకుంటాడనుకుంది అల్దోన్సా, తిడతాడనుకుంది. మర్చిపోయి ఉంటాడని మాత్రం అనుకోలేదు.

"నెలనెలా వచ్చి చూసుకుంటాడట," అన్నాడు మేస్త్రీ. "ఇక ఆయనకి ఇదే ఆవిడ ముఖం. నీకెందుకమ్మా బెంగ?"

"రాయి సంగతి సరే మేస్త్రీ," అందామె. "చచ్చినవాళ్ళంతా లేచే ఆ రోజున దొరసాని తన అసలు ముఖంతోనే లేస్తుంది కదా. ఎదురుగా లేచిన ఆయన చూసి, ఈవిడెవరు అంటే?"

మేస్త్రీ వెనక్కి తిరిగి, గుమ్మంలోంచి సమాధులున్న వైపు చూశాడు.