మధ్యలో ఆమేన్

ఉతికి ఆరిన దుప్పటి రెండు కొసలూ పట్టుకుని ఆయన వెనక్కి నడిచాడు. అవతలి కొసలు పట్టిన ఆవిడ గట్టిగా విదిలించింది. ఆసుపత్రి లాండ్రీ గదిలో ఆవిరికి గోడలు కూడా చెమటలు పోస్తున్నాయి. ఒక మడత, దగ్గరికి నాలుగడుగులు, మళ్లీ మడత. మరకలు వదలని వాటిని ఆయన పక్కకి విసిరేస్తున్నాడు.

"మీకో కబురండీ. పై వార్డులో మీ తమ్ముడున్నాడంట. ఈ రోజు గడవడం కష్టమంటున్నారు. అన్నయ్యని ఒక్కసారి రమ్మన్నాడు," అందావిడ.

ఆయన ఇంకో దుప్పటి అందుకున్నాడు. బదులు చెప్పడానికి గొంతు లేదు. పుండు లేస్తే డాక్టర్లు స్వరపేటికే తీసేశారు. మెడ కింద మిగిలిన రంధ్రానికి తెల్లగుడ్డ కట్టుకుంటాడు.

ఒకప్పుడు ఆ గొంతే ఆయన ఆస్తి. చర్చిలో పిల్లలు చాటుగా మైకు తాత అనేవారు. ఆయన ప్రార్థన అందుకుంటే ఒళ్లో పిల్లలు నిద్రపోయి, లేచి, మళ్లీ నిద్రపోయేవారు. ఆయన ఆమేన్ అంటే చర్చి మొత్తం ఆమేన్ అనేది. దేవుడు తన మాటే ముందు వింటాడని ఎవరితోనూ అనలేదు గానీ, ఆ విషయంలో ఆయనకు ఏనాడూ అనుమానం రాలేదు.

ఒక ఆదివారం తాగుబోతు తమ్ముడు చర్చికి వచ్చాడు. వచ్చినవాడు ఊరుకోక లేచి నిలబడి, "దేవా... నేను... నాకు..." అంటూ తడబడ్డాడు. తాగి వచ్చాడనుకుని అన్నకు ఒళ్లు మండింది. పరువు పోతోందని మధ్యలోనే గట్టిగా ఆమేన్ అనేశాడు. అలవాటు కొద్దీ జనమంతా ఆమేన్ అన్నారు. తమ్ముడు తలదించుకుని బయటికి నడిచాడు. వాడు ఆ రోజు చుక్క ముట్టలేదని, భయంతోనే నోరు పెగల్లేదని తర్వాత తెలిసింది. తెలిసినా అన్న వాడి గుమ్మం తొక్కలేదు.

ఆపరేషన్ అయ్యాక ఆయన దేవుడితో పోట్లాడాడు. ఆ గొంతు నీ పనికే కదా వాడానని ఏడ్చాడు. ఇప్పుడు చివరి బెంచీలో కూర్చుని, ముందు నిలబడి ప్రార్థించేవాళ్ల తప్పులు ఏరుతుంటాడు. గొంతు పోయింది గానీ బిగువు పోలేదు.

"వెళ్లరేంటండీ? దుప్పట్లెక్కడికీ పోవు!" అంటూ ఆవిడ ఆయన చేతిలోని కొసలు లాక్కుంది.

ఆయన మెట్లెక్కాడు. మాట ఉన్నన్నాళ్లూ అడగని క్షమాపణ ఇప్పుడు ఏ నోటితో అడగడం?

తమ్ముడి కళ్లు పచ్చబడ్డాయి. పొట్ట ఉబ్బింది, మిగతాదంతా ఎముకలే. పక్కన ఎవరూ లేరు.

"నీతో ప్రార్థన చేయించుకుందామనుకున్నా అన్నయ్యా. గొంతు సంగతి ఇక్కడికొచ్చాకే తెలిసింది."

ఆయన మంచం పక్కన మోకరించాడు. నోరు కదిపితే మెడ దగ్గరి గుడ్డ మాత్రం కదిలింది. తమ్ముడి చెయ్యి తీసుకుని తన నెత్తిన పెట్టుకున్నాడు. నువ్వే చెయ్యి, అని పెదవులతో అన్నాడు.

"నాకు రాదుగా."

అన్న ఆ చెయ్యి వదల్లేదు.

"సరే, ఆగు. తల దువ్వుకోకుండా ప్రార్థనకొస్తే తిట్టేవాడివి." దిండు కింది దువ్వెన తీసి ఉన్న నాలుగు వెంట్రుకలూ దువ్వుకున్నాడు. అంతమాత్రానికే ఆయాసం వచ్చింది. దువ్వెన పక్కన పడేసి, చెయ్యి మళ్లీ అన్న తల మీద వేశాడు.

"దేవా... మా అన్నయ్య. పెద్ద గొంతుండేది, నీకు తెలుసుగా. నాకేం కోపం లేదు. నువ్వు కూడా..."

మాట ఆగింది. వెతుక్కుంటున్నాడనుకున్నాడు అన్న. ఈసారి తొందరపెట్టకూడదు. ఎంతసేపైనా సరే, వాడి ప్రార్థన వాడే ముగించుకోవాలి. వీణ్ణి ఆపడానికి నేనెవణ్ణి ప్రభువా, అనుకుంటే కళ్లు ధారలు కట్టాయి. మోకాళ్లు సలుపుతున్నా తల ఎత్తలేదు. ఇంకొకడి మాట కోసం దేవుడి ముందు కాచుకుని ఉండడం ఆయనకు ఇదే మొదలు.

ఎంతకీ రాలేదని వెతుక్కుంటూ లాండ్రీ ఆవిడ పైకొచ్చింది. మంచం మీది ముఖం చూసి దగ్గరికొచ్చింది. ఆ చేతిని మెల్లగా ఆయన తల మీంచి ఎత్తింది.

"లేవండి. ఎప్పుడో పోయాడు."

ఆయన లేవలేదు. ఇంకా అయిపోలేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

దుప్పటి ముడతల్లో దువ్వెన పడి ఉంది. రెండు పళ్లు విరిగాయి, మిగిలిన పళ్ల మధ్య ఒక నెరిసిన వెంట్రుక ఇరుక్కుని ఉంది.